బూట్లు కొనబోయే పిల్లలకు: మచ్చలేని తోలు కోసం వెతకొద్దు

ప్రియమైన పిల్లలకు,

మీలో కొందరు ఈ ఏడు చదువు ముగించి సైట్ ఉద్యోగాల్లో చేరుతున్నారు. ఇంకొందరు ట్రెక్కింగ్‌కి పోతామంటున్నారు. అందరూ అడిగేది మాత్రం ఒకటే: "తాతయ్యా, నువ్వు తోలు శుద్ధి చేసే టానరీలో పనిచేశావు కదా, బూట్లకు ఏ తోలు మంచిది?" ఫోన్లో చెబితే సగమే అర్థమవుతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

అసలు మాట ముందే చెప్పేస్తాను. షాపులో రెండు జతలు పక్కపక్కన పెడితే, నున్నగా మెరుస్తూ ఎక్కడా చిన్న గీత కూడా లేని జత మీదికే మీ చెయ్యి పోతుంది. చాలాసార్లు ఆ రెండింటిలో తక్కువ రకం తోలు అదే. ఎందుకో తెలిస్తే మిగతాది మీరే తేల్చుకోగలరు.

పెద్ద పశువు తోలు నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అంత మందంతో బూటు కుట్టలేరు కాబట్టి టానరీలో స్ప్లిటింగ్ మెషిన్ మీద దాన్ని పొరలుగా చీలుస్తారు. వెంట్రుకలు మొలిచిన వైపు నుంచి వచ్చే పొరను గ్రెయిన్ అంటారు, దాని కింద నుంచి వచ్చేదాన్ని స్ప్లిట్ అంటారు. తోలంతా కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగుల అల్లికే. పైభాగంలో ఆ పోగులు చాలా సన్నగా, సందు లేకుండా ఉంటాయి. నీటికీ రాపిడికీ అడ్డు నిలిచేది ఆ భాగమే. కిందికి పోయేకొద్దీ పోగులు లావవుతాయి. లాగినా చిరగకుండా బలం ఇచ్చేవి అవి. పైభాగాన్ని ముట్టుకోకుండా, కిందిది కూడా కొంత కలిపి ఉంచిన తోలే ఫుల్ గ్రెయిన్. మంచి బూటుకు కావలసింది అదే.

మరి అందరూ దాన్నే ఎందుకు వాడరు? మన పశువుల బతుకు చూడండి. ముళ్లకంపల్లో మేస్తాయి, మెడ మీద కాడి మోస్తాయి, గోమార్లు పట్టి పీడిస్తాయి, జబ్బు చేస్తే వాతలు పెడతారు. ఆ గుర్తులన్నీ తోలు మీద మిగిలిపోతాయి. గుర్తులు ఎక్కువగా ఉన్న తోళ్లను బఫింగ్ మెషిన్‌లో గరుకు కాగితంతో పైపైన రుద్దేస్తారు. ఆ తర్వాత గోడకు లప్పం పెట్టి పెయింట్ కొట్టినట్టు రెజిన్ పూత పూసి, రంగు వేసి, వేడి ప్లేటుతో గ్రెయిన్ డిజైన్ అచ్చొత్తుతారు. దీన్ని కరెక్టెడ్ గ్రెయిన్ అంటారు. ఇక్కడి సేఫ్టీ షూల మీద కనిపించే గరుకు గరుకు డిజైన్‌ను వ్యాపారంలో బార్టన్ ప్రింట్ అంటారు. అదీ ఇలాంటి అచ్చే.

ఇది మోసమని నేను అనను. సిమెంటు, బురదల్లో తిరిగేవాడికి తడిగుడ్డతో తుడిస్తే శుభ్రమయ్యే పూత ఉపయోగమే, ధర కూడా అందుబాటులో ఉంటుంది. సైట్లో చేరేవాళ్లు ముందు చూడాల్సింది ఐఎస్ 15298 నంబరుతో ఉన్న ఐఎస్ఐ గుర్తు, ముక్కు దగ్గర వేళ్లను కాపాడే గట్టి టోక్యాప్. తోలు రకం ఆ తర్వాత చూసుకోవచ్చు. కానీ ఏళ్ల తరబడి తొడగాలని డబ్బు ఎక్కువ పెట్టి కొనేటప్పుడు మాత్రం ఈ పూత వద్దు. కాలివేళ్ల దగ్గర మడత పడేచోట అది పగులుతుంది. ఒకసారి పగిలిందంటే ఏ పాలిష్ వేసినా అతకదు.

మచ్చ అంటే ఎలాంటి మచ్చ అని మీరు అడగొచ్చు. పశువు బతికుండగా గాయం మానిపోయి మిగిలిన సన్నటి గీత, మెడ దగ్గరి ముడతలు, నరాల జాడలు ఉన్నా పర్వాలేదు. అవి ఉన్నాయంటే పైపొరను రుద్దలేదన్నమాట. మానని గాయం వేరు. దాని అంచు గోటికి తగులుతుంది, అక్కడ తోలు పలచబడి ఉంటుంది. అది వేళ్ల మడత మీద పడితే మాత్రం ఆ జత వదిలేయండి.

షాపులో ఎలా చూడాలో చెబుతాను. తోళ్లు గ్రేడ్ చేసేటప్పుడు మేం ట్యూబులైటు కింద కాకుండా కిటికీ పక్కన, పగటి వెలుతురులో నిలబడేవాళ్లం. మీరూ బూటును షాపు గుమ్మం దాకా తీసుకెళ్లండి. తల వెంట్రుకంత సన్నటి రంధ్రాలు, వెంట్రుకల మూలాల గుర్తులు, కనిపిస్తున్నాయేమో చూడండి. ఆవు తోలు మీద అవి చిన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. గేదె తోలు మీద పెద్దగా, దూరం దూరంగా ఉంటాయి. మేక తోలు మీద వరసలు కట్టి ఉంటాయి. ప్రకృతిలో ఏ రెండు అంగుళాలూ ఒకేలా ఉండవు. ఒకే గుర్తు మళ్లీ మళ్లీ వస్తోందంటే అది అచ్చే.

తర్వాత బూటు ముందు భాగం మీద బొటనవేలితో మెల్లగా నొక్కి, తోలు లోపలికి వంగేలా చూడండి. చాలా సన్నటి ముడతలు వచ్చి, వేలు తీయగానే పోతే తోలు గట్టిది. పెద్ద పెద్ద మడతలు లేచి, పైపొర కింది పొర నుంచి విడిపోతున్నట్టు కదిలితే వదులు తోలు. మా పనిలో దీన్ని బ్రేక్ చూడటం అంటాం. నేను మొట్టమొదట చూసేది ఇదే. నొక్కినా ముడతే రాకుండా రబ్బరులా సాగి వెనక్కి వస్తే అది తోలు కాకపోవచ్చు, లేదా పూత బాగా మందంగా ఉండొచ్చు.

ఆ తర్వాత లేసుల కింద ఉండే నాలుక అంచు, మడమ పైఅంచు చూడండి. కొన్ని బూట్లకు అంచు కోసి అలాగే వదిలేస్తారు, అలాంటివాటిలో లోపల ఏముందో తెలిసిపోతుంది. తోలైతే ఊలు పోగుల్లాంటి నార కనిపిస్తుంది. కింద గుడ్డ, పైన ప్లాస్టిక్ పొర కనిపిస్తే అది పీయూ లేక రెక్సిన్. అవి కొన్నాళ్లకు పొలుసులుగా ఊడతాయి, మన కోస్తా తేమలో ఇంకా త్వరగా. వాసన చూసి మాత్రం నమ్మకండి, తోలు వాసన స్ప్రే కొట్టి మరీ అమ్ముతారు.

లేబుల్ మీద "జెన్యూయిన్ లెదర్" అని ఉంటే అది తోలేనని మాత్రం తెలుస్తుంది, ఏ పొర తోలో తెలియదు. స్ప్లిట్ మీద ప్లాస్టిక్ పొర అతికించి కూడా ఆ మాట వేసి అమ్ముతారు. యూరప్‌కు పోయే సరుకు మీద చిన్న బొమ్మలుంటాయి. పరిచిన తోలు ఆకారం ఒక్కటే ఉంటే తోలు. దాని లోపల డైమండ్ ఆకారం ఉంటే పూత మందంగా ఉన్న తోలు. డైమండ్ ఒక్కటే ఉంటే తోలు కానిది. ఆ పూత 0.15 మిల్లీమీటర్లు దాటితే రెండో బొమ్మ వేయాలి.

ఇక శుద్ధి సంగతి. పచ్చి తోలు కుళ్లిపోకుండా చేయడమే టానింగ్. ఇందులో రెండు పెద్ద దారులున్నాయి. మొదటిది చెట్ల బెరడుతో చేసేది. మన పల్లెల్లో లంద తొట్లలో తంగేడు చెక్క, కరక్కాయ వేసి తోళ్లు నానబెట్టేవారు. బతుకమ్మలో పెట్టుకునే ఆ తంగేడే, ఇవాళ తెలంగాణ రాష్ట్ర పుష్పం. బ్రిటిష్ కాలంలో మద్రాసు నుంచి లండన్‌కు పోయిన "ఈస్ట్ ఇండియా" తోళ్లకు పేరు తెచ్చింది ఈ తంగేడు చెక్కే. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వచ్చే వాటిల్ బెరడు దాని చోటు తీసుకుంది. ఆ లందల దగ్గర వంగి, తోలు కుట్టే ఆరె, కోసే రంపె పట్టుకుని పనిచేసిన మాదిగ కుటుంబాలకు ఈ విద్యంతా చేతివేళ్ల మీద ఉండేది. వాళ్లు కుట్టిన చెప్పులు ఊరు తొడుక్కుంది, వాళ్లను మాత్రం దూరంగా నిలబెట్టింది. ఇది మీరు తెలుసుకోవాలని కావాలనే రాస్తున్నాను.

రెండోది క్రోమ్, అంటే క్రోమియం లవణాలతో చేసేది. 1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్ట్జ్ పేటెంట్ తీసుకున్నాక ఇది పరిశ్రమలోకి వచ్చింది. బెరడుతో వారాలు, నెలలు పట్టే పని డ్రమ్ములో ఇంచుమించు ఒక్కరోజులో అయిపోతుంది. డ్రమ్ము నుంచి బయటికి వచ్చిన తోలు లేత నీలంగా ఉంటుంది, అందుకే దాన్ని వెట్ బ్లూ అంటారు. రెండింటి తేడా చూడాలంటే చిన్న ముక్కలు మరిగే నీళ్లలో వేస్తే చాలు. బాగా క్రోమ్ పట్టిన ముక్క అలాగే ఉంటుంది. బెరడుతో చేసిన ముక్క ముడుచుకుని వంకర తిరుగుతుంది. పచ్చితోలైతే 65 డిగ్రీల దగ్గరే ముడుచుకుపోతుంది.

బూటు పైభాగానికి క్రోమ్ తోలే మేలని నా అభిప్రాయం. మెత్తగా ఉంటుంది, తడిసినా ఆరినా ఆకారం పెద్దగా మారదు. చాలా మంచి టానరీలు క్రోమ్ చేశాక మళ్లీ బెరడు సారంతో కూడా శుద్ధి చేస్తాయి, దాంతో తోలుకు నిండుదనం వస్తుంది. అమెరికాలో షికాగో నగరంలో 1905 నుంచి నడుస్తున్న హార్వీన్ టానరీ క్రోమెక్సెల్ తోలు ఇలాంటిదే. నూనెలు, మైనాలు బాగా పట్టించడం వల్ల దాన్ని వంచితే ఆ చోట రంగు తేలిపోతుంది, వదిలితే మళ్లీ వస్తుంది. షాపుల్లో పుల్-అప్ అనేది ఈ గుణాన్నే. కాలి కింద ఉండే ఇన్‌సోల్ మాత్రం బెరడుతో చేసిన తోలైతే హాయి. చెమట పీల్చుకుంటుంది, పాదం ఆకారానికి కుదురుకుంటుంది.

క్రోమ్ గురించి భయపెట్టే మాటలు కూడా మీరు వినే ఉంటారు. టానింగ్‌లో వాడేది క్రోమియం-3 అనే రకం. హాని చేసేది క్రోమియం-6. పని సరిగా చేయకపోతే తోలులో అది ఏర్పడొచ్చు. అందుకే యూరప్‌లో ఒంటికి తగిలే తోలులో కిలోకు 3 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన పెట్టారు. శుద్ధి చేయని మురుగు వదిలితే ఏమవుతుందో తమిళనాడులో టానరీల పక్కన పారే పాలారు నది ఒడ్డున ఉన్నవాళ్లను అడగండి. టానరీ పేరు చెప్పుకుని, మురుగు శుద్ధి గురించి కూడా చెప్పే కంపెనీల బూట్లకు నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇవ్వమంటాను.

ఈ పరిశ్రమకు సైన్స్ నేర్పినవారిలో మన తెలుగువారు ముందున్నారు. యలవర్తి నాయుడమ్మగారు 1922లో గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టారు. మద్రాసు అడయారులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ, సీఎల్ఆర్ఐ, 1948లో మొదలైంది. 1958 నుంచి 1971 దాకా ఆయన దాని డైరెక్టర్. ఆ తర్వాత ఇలాంటి పరిశోధన సంస్థలను నడిపే సీఎస్ఐఆర్‌కే అధిపతి అయ్యారు. 1985లో ఎయిర్ ఇండియా కనిష్క విమానం పేలుడులో పోయారు. ఊళ్లు అసహ్యించుకున్న పనిని పెద్ద చదువుగా నిలబెట్టిన ఆయనంటే నాకు ఎంత గౌరవమో మాటల్లో చెప్పలేను.

ఏ జంతువు తోలు అంటారా? గట్టి బూటుకు ఆవు, ఎద్దు తోలే అన్నిటికన్నా పనికొస్తుంది. దూడ తోలు సన్నగా అందంగా ఉంటుంది, ఆఫీసు బూట్లకు బాగుంటుంది. గేదె తోలు మందం, బలం, కాకపోతే గ్రెయిన్ ముతక. మేక తోలు లైనింగ్‌కు చక్కగా సరిపోతుంది. గొర్రె తోలు జాకెట్లకే, బూట్లకు వద్దు. కార్డోవన్ అని గుర్రం వెనక భాగం నుంచి తీసేది ఒకటుంది, తయారీకి ఆరు నెలలు పడుతుంది, చాలా ఖరీదు. మీకు ఇప్పుడు అక్కర్లేదు.

స్వెడ్ అంటే ఎక్కువగా స్ప్లిట్ పొరనే నూగు లేపినది. నూబక్ అంటే గ్రెయిన్ పైభాగాన్నే లేతగా రుద్ది మఖమల్‌లా చేసినది. రెండూ చూడటానికి ఒకేలా ఉన్నా నూబక్ గట్టిది. వానల్లో తిరిగేవాళ్లకు రెండూ ఇబ్బందే.

మందం ముఖ్యం. ట్రెక్కింగ్, పని బూట్ల పైభాగం రెండు మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉండాలి. ఆఫీసు బూట్లకు అందులో మూడింట రెండు వంతులు చాలు. తోలులో ఏ భాగం వాడారన్నదీ చూడాలి. వెన్నెముక వెంట, నడుం దగ్గర తోలు బిగువుగా ఉంటుంది. పొట్ట దగ్గరిది వదులు, సాగిపోతుంది. మంచి కటింగ్ మాస్టర్ వేళ్ల మీదికి వచ్చే ముక్కను వీపు నుంచి కోసి, నాలుకకూ లోపలి భాగాలకూ పొట్ట ముక్కలు వాడతాడు. అందుకే కుడి ఎడమ రెండూ నొక్కి చూడండి. ఒకటి బిగువుగా, ఇంకొకటి వదులుగా ఉంటే ఇంకో జత అడగండి.

అడుగు కుట్టిందా, అంటించిందా అని కూడా అడగండి. గుడ్‌ఇయర్ వెల్ట్ అనే పద్ధతిలో కుట్టినదైతే అడుగు అరిగినప్పుడు కొత్తది వేయించుకోవచ్చు. అంటించినదైతే తోలు ఎంత గొప్పదైనా చాలాసార్లు అడుగుతో పాటే బూటు ఆయుష్షు తీరిపోతుంది.

కొన్నాక చేయాల్సింది కొంచెమే. వరసగా రెండు రోజులు ఒకే జత తొడక్కండి, చెమట ఆరనివ్వండి. తడిస్తే లోపల పాత న్యూస్‌పేపర్లు కుక్కి, నీడలో ఫ్యాన్ కింద ఆరబెట్టండి. పొయ్యి దగ్గరా, మండుటెండలోనూ పెట్టొద్దు, తోలు బిరుసెక్కి పగులుతుంది. మనవాళ్లకు కొబ్బరినూనె రాసే అలవాటుంది. వద్దు, దుమ్ము పడుతుంది, తోలు వదులవుతుంది. బ్రష్‌తో దుమ్ము దులిపి, అప్పుడప్పుడు కండిషనర్ కొద్దిగా రాస్తే చాలు. వానాకాలంలో బూజు పడితే పొడిగుడ్డతో తుడిచి గాలికి పెట్టండి. అట్టపెట్టెలో మూసిపెట్టొద్దు.

సాయంత్రం పూట కొనడానికి వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, సైజు సరిగ్గా తెలుస్తుంది. డబ్బు కట్టేముందు నాలుక అంచు ఒకటి, వేలితో నొక్కిన మడత ఒకటి గుమ్మం వెలుతురులో ఫోటో తీసి నాకు పంపండి. చూసి వెంటనే చెబుతాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య