రేగుపళ్లు, పిగిలిపిట్టలు: మన పెరట్లో అపోహలు - వాస్తవాలు

అపోహ: చలికాలంలో పిట్టలకు తిండి దొరకదు, మనమే పెట్టాలి.

ఇది మంచు కురిసే దేశాల మాట. అక్కడ నేల గడ్డకట్టి పురుగు కూడా దొరకదు, కొమ్మన మిగిలిన పళ్లే దిక్కు. హైదరాబాదులో డిసెంబరు, జనవరి అంటే రేగుపళ్ల కాలం. పిల్లలకు భోగిపళ్లు పోసేదీ అప్పుడే. ఇక రావి, మర్రి, మేడి చెట్లన్నీ ఒకేసారి పండవు. ఈ వీధిలో చెట్టు ఖాళీ అయ్యేసరికి పై వీధిలో ఇంకోటి పండుతుంది. పళ్లు తిని బతికే కంసాలి పిట్ట ఏడాదంతా ఊళ్లోనే గడిపేయగలిగేది అందుకే. మధ్యాసియా నుంచి గుంపులుగా దిగే గులాబీ గోరింకలూ ఈ చెట్ల మీదే వాలతాయి. మన దగ్గర పిట్టలకు అసలు కటకట ఏప్రిల్, మే నెలల్లో, అదీ నీళ్లకు.

అపోహ: రేగు కొమ్మలు ఎప్పుడు కొట్టినా ఒకటే.

చాలా పెరళ్లలో రేగు కాయకపోవడానికి కారణం ఇదే. పూత వచ్చేది ఆ ఏడు వేసిన కొత్త రెమ్మల మీద. వానాకాలంలో పూసి, నవంబరు నుంచి పండుతుంది. దసరాకి ఇల్లు దులుపుతూ చెట్టునూ నరికేస్తే పూత, పిందె రెండూ పోయినట్టే. కత్తిరించాల్సింది కాపు అయిపోయాక, ఏప్రిల్‌లో. అప్పుడే చెట్టు కింద మట్టి తిరగదవ్వాలి. పండులో పురుగుకు కారణమైన ఈగ ప్యూపాలు (ఈగగా మారబోయే గూటి పురుగులు) ఆ మట్టిలోనే ఉంటాయి, ఎండ తగిలితే చస్తాయి. రాలిన పుచ్చుపళ్లు రోజూ ఏరి పారేయండి. పళ్లు పండే వేళ మాత్రం మందు కొట్టొద్దు, ఆ పళ్లు తినేది పిట్టలే. రకం సంగతికొస్తే నాటు రేగే మేలు. ఆపిల్ బేర్ అంత లావు పండును పిగిలిపిట్ట (బుల్‌బుల్) మింగలేదు, పొడిచి వదిలేస్తుంది.

అపోహ: పిట్ట తిన్న పండు మనమూ తినొచ్చు.

ప్రాణం మీదికి తెచ్చే నమ్మకం. పచ్చగన్నేరు పండును కోకిల తింటుంది. అదే పచ్చగన్నేరు గింజలు మనిషి గుండె లయను దెబ్బతీసి చంపగలవు.

అపోహ: నూకలు చల్లితే అన్ని పిట్టలూ వస్తాయి.

పావురాలొస్తాయి! కంసాలి పిట్ట నూకల వంక చూడదు. పళ్ల పిట్టలు కావాలంటే నక్కరేగు (సింగపూర్ చెర్రీ అంటారే, అది) పెట్టండి. దాదాపు ఏడాదంతా కాస్తుంది. కారు నిలిపే చోటు పక్కన మాత్రం వద్దు: పగలు పిట్టలు, రాత్రి గబ్బిలాలు, పొద్దున అద్దం నిండా మరకలు. కంచెకు వేసే కోనోకార్పస్‌లో పచ్చదనమే తప్ప మింగడానికి గుజ్జున్న పండే ఉండదు.

అపోహ: చెట్టుకు వల కప్పితే పంటా దక్కుతుంది, పిట్టకూ ఏం కాదు.

వదులుగా వేలాడే నైలాన్ వలలో ముందు కాలు, తర్వాత రెక్క చిక్కుతాయి. పెనుగులాడేకొద్దీ బిగుసుకుంటుంది. తొండలు, పాములు కూడా ఇలాగే చస్తాయి. కంతలో వేలు దూరిందంటే ఆ వల పనికిరాదు. జామకాయ నిమ్మకాయంత అయ్యాక బట్ట సంచి తొడిగి కాడ దగ్గర కట్టండి, పండు ఈగా రాదు. పై కొమ్మలు పిట్టలకు వదిలేయండి. సంక్రాంతి అయ్యాక దోటితో మాంజా తీయడం మరవొద్దు. నైలాన్ మాంజాను 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించినా కొమ్మలకు ఇంకా వేలాడుతూనే ఉంది.

అపోహ: కాకి కడుపులో పడితేనే రావి మొలుస్తుంది.

అక్కర్లేదు. గుజ్జు కడిగి తడిమట్టి మీద చల్లినా మొలుస్తుంది. గోడ పగుళ్లలో రెట్టతో పడిన మొలకను రెండాకులప్పుడే పీకేయాలి. ఆలస్యమైతే వేరు ఇటుకల మధ్యకు దిగుతుంది, పైన ఎన్నిసార్లు కోసినా చిగురిస్తుంది.

అపోహ: నీళ్ల పళ్లెం పెడితే దోమలే.

రోజూ పారబోస్తే రావు. గుడ్డు దోమ కావడానికి వారం దాకా పడుతుంది. కాకపోతే గుడ్లు అంచుకు అంటుకుని ఉంటాయి కాబట్టి నీళ్లు మార్చడంతో సరిపోదు, పీచుతో అంచులు రుద్దాలి. లోతు 2 అంగుళాలు మించొద్దు. ప్లాస్టిక్ మీద కాలు జారుతుంది, మట్టి మూకుడు పెట్టండి.