అచ్చాఫీసు: అపోహలు – వాస్తవాలు

మాది మూడు తరాల ప్రెస్సు. తాతగారు సీసపు అక్షరాలు పేర్చారు, నాన్నగారు ట్రెడిల్ (కాలితో నడిపే అచ్చుయంత్రం) తొక్కారు, నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మా పని గురించి తరచూ వినే కొన్ని మాటలకు ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: ఒకసారి కంపోజ్ చేస్తే, అంటే అక్షరాలు పేరిస్తే, ఎన్ని ముద్రణలైనా వేసుకోవచ్చు.

వాస్తవం: సీసపు అక్షరాల కాలంలో చిన్న ప్రెస్సుకు అంత భాగ్యం లేదు. బడిలో 56 అక్షరాలని చదువుకున్నా, గుణింతాలూ ఒత్తులూ కలిస్తే కేసులో, అంటే అక్షరాలు ఉంచే పెట్టెలో, వందల గడులు కావాలి. ఉన్న అక్షరాలు కొద్ది. ఒక ఫారం (ఒకేసారి అచ్చయ్యే పేజీలు) పేర్చేసరికే ఏ ఒత్తో నిండుకునేది. అందుకే ఫారం అచ్చు కాగానే అక్షరాలను కిరసనాయిలుతో కడిగి, విడదీసి, దేని గడిలో దాన్ని వేసేవారు. రెండో ముద్రణ అంటే మొదటి అక్షరం నుంచీ మళ్లీ పేర్చడమే. శుభలేఖల్లోని ‘మదర్పిత చందన తాంబూలాది సత్కారములు గ్రహించి’ వంటి వరుసలను మాత్రం తాతగారు విప్పనిచ్చేవారు కాదు. పురికొసతో బిగించి బల్ల కింద దాచేవారు. మాఘమాసం రాగానే అవి బయటికి వచ్చేవి. పేర్లూ ముహూర్తమూ మారిస్తే చాలు.

అపోహ: కంపోజింగుకు చదువు అక్కర్లేదు, చేతివేగం చాలు.

వాస్తవం: స్టిక్కులో (వరుస పేర్చడానికి చేత్తో పట్టుకునే చట్రం) అక్షరాలను తలకిందులుగా, ఎడమ నుంచి కుడికి పేర్చాలి. అలా ఉన్న వరుసను తడుముకోకుండా చదవగలిగినవారే కంపోజిటరు. రచయిత మరిచిన ఒత్తును ముందుగా పట్టుకునేదీ ఆయనే. పుస్తకంలో ఎక్కడా ఆయన పేరు ఉండకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

అపోహ: కుటుంబ ప్రెస్సులు కరపత్రాలకే పనికొస్తాయి.

వాస్తవం: మద్రాసులో 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులుగారు మొదలుపెట్టిన ముద్రణను తర్వాత కుమారుడు వేంకటేశ్వర శాస్త్రులుగారు నడిపారు. ఎన్నో తెలుగు, సంస్కృత గ్రంథాలు ఆ ఇంటి నుంచే మనకు అందాయి.

అపోహ: తెరమీది రంగే కాగితం మీదా వస్తుంది.

వాస్తవం: తెరది వెలుగు, కాగితానిది సిరా. కొంత తేడా తప్పదు. ప్రూఫు (నమూనా అచ్చు) చూసి సంతకం చేయండి.

అపోహ: ఆఫ్‌సెట్ (పలక మీది సిరాను రబ్బరు మీదుగా కాగితానికి ఎక్కించే పద్ధతి) వచ్చాక ట్రెడిల్ తుక్కయింది.

వాస్తవం: చాలా ప్రెస్సుల్లో అది ఇంకా తిరుగుతోంది. బిల్లు పుస్తకాలకు నంబర్లు వేయడానికీ, చింపుకునే చోట చుక్కల గీత కొట్టడానికీ, అట్టకు మడత గీత వేయడానికీ మాకు అదే ఆధారం. నాన్నగారు తొక్కిన ట్రెడిల్‌కు ఇప్పుడు మోటారు బిగించాం. ఈ ఉదయం ఒక ఎరువుల దుకాణం రసీదులకు 1 నుంచి 1000 దాకా నంబర్లు దాని మీదే వేశాను.