ఊరి నెట్ ఊరి చేతికి ఎందుకు రాలేదు

మొన్న పక్క దొడ్లో కొబ్బరి దింపు తీస్తుంటే ఒక గెల సరాసరి కేబుల్ మీద పడింది. వైరు తెగింది, నాలుగిళ్లకి నెట్ పోయింది. ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే "రేపు మనిషిని పంపిస్తానండి" అన్నాడు, ఆ రేపు రావడానికి ఐదు రోజులు పట్టింది. పంటకాలువ అవతల మా బాబాయి వాళ్లింట్లో నెట్ శుభ్రంగా వస్తోంది. మధ్య దూరం గట్టిగా రెండొందల అడుగులుండదు. "రెండు డాబాల మీద రెండు డబ్బాలు పెట్టుకుంటే పోలా, ఈడి కాళ్లు పట్టుకోవడం ఎందుకురా?" అన్నాడు బాబాయి.

మంచి ప్రశ్నే. చాలా దేశాల్లో చాలా ఊళ్లు ఇదే ప్రశ్న వేసుకుని మెష్ నెట్‌వర్కులు కట్టుకున్నాయి. మెష్ అంటే బ్రహ్మవిద్యేం కాదు, ఇంటి మీదున్న రౌటర్ తన పని చూసుకుంటూనే పక్కింటి డేటాని కూడా ముందుకు తోస్తుంది, మధ్యలో ఒకటి చచ్చిపోతే ఇంకో దారి వెతుక్కుంటుంది. ఒకే రేడియోతో వినడం, పంపడం రెండూ చేస్తే మాత్రం ఒక్కో అంచె దాటేసరికి స్పీడు దాదాపు సగానికి పడిపోతుంది. కాలువ శివారున పొలం ఉన్నవాళ్లకి, చివరికొచ్చేసరికి ఎంత మిగులుతుందో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

మన దేశంలో వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుని ఆరుబయట లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది 2005 జనవరిలో. ఆ వెంటనే హిమాచల్‌లోని ధర్మశాలలో ఎయిర్‌జల్ది అనే సంస్థ వాళ్లు కొండల మీద రౌటర్లు పెట్టి మెష్ మొదలుపెట్టారు. వాళ్లకి పెద్ద తలనొప్పి యాంటెన్నాలు పట్టుకుని ఊగే కోతులు. అంతకు ముందే నేపాల్‌లో నాంగి అనే ఊరి మహావీర్ పున్ చెట్ల మీద యాంటెన్నాలు కట్టి కొండల్లోకి ఇంటర్నెట్ తెచ్చాడు, 2007లో మెగసెసె అవార్డు కూడా వచ్చింది.

అసలు మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. దాదాపు అదే రోజుల్లో మన పశ్చిమ గోదావరిలో కూడా వైఫై నెట్‌వర్క్ నడిచింది. పేరు అశ్విని. బైర్రాజు ఫౌండేషన్ భీమవరం కేంద్రంగా చుట్టుపక్కల ఊళ్లని దూరాలు అందుకునే వైఫై లింకులతో కలిపింది. రెండు వైపులా వీడియోతో పాఠాలు, డాక్టరు సలహాలు. ఐఐటీ కాన్పూర్ పరిశోధకులు గంగా మైదానంలో తాము చేసిన ప్రయోగంతో పాటు దీని గురించీ రాశారు. ఖచ్చితంగా మాట్లాడితే అది మెష్ కాదు, టవర్ నుంచి టవర్‌కి సూటిగా కొట్టే లింకులు. అలా ఎందుకంటే మన నేల పళ్లెంలా చదును. ధర్మశాలలో కొండే టవర్. ఇక్కడ యాభై అరవై అడుగుల కొబ్బరి చెట్లు, మట్టల నిండా నీరు, ఆ నీరు సిగ్నల్‌ని మింగేస్తుంది. చెట్ల నెత్తి దాటాలంటే టవర్ ఎత్తాలి, రేడియో చవకే గానీ ఖర్చంతా ఆ ఇనుముకే. డాబా మీద రౌటర్ పెట్టి ఊరంతా కలిపేద్దాం అనేవాళ్లు ఒకసారి మా కొబ్బరి తోటలో నిలబడి చూడాలి. బాబాయికీ నాకూ మధ్య కాలువ ఉంది కాబట్టి ఆ సందులోంచి సిగ్నల్ దూరుతుంది, తోటలోకి నాలుగడుగులు పక్కకి జరిగితే అంతే సంగతులు.

సరే, అశ్విని. ఆ ఫౌండేషన్ సత్యం రామలింగరాజు కుటుంబానిది. 2009 జనవరిలో సత్యం కంపెనీ లెక్కల బాగోతం బయటపడ్డాక ఫౌండేషన్‌కి నిధుల కటకట వచ్చింది. నాకు అర్థమైనంతవరకు గుట్టు ఇక్కడే ఉంది. ఊళ్లకి నెట్ వచ్చింది గానీ ఆ నెట్‌వర్క్ ఊళ్లది కాదు, దాత గట్టిగా ఉన్నన్నాళ్లే దాని ధీమా.

దక్షిణాఫ్రికాలో ఈస్టర్న్ కేప్ రాష్ట్రంలోని మాన్‌కోసి ఊరివాళ్లు వేరే దారి పట్టారు. యూనివర్సిటీ వాళ్లు 2012లో సాయంగా వచ్చినా, 2014కల్లా ఊరివాళ్లే సహకార సంఘం పెట్టుకున్నారు. దాని పేరు జెంజెలేని, అంటే వాళ్ల భాషలో "మీరే చేసుకోండి" అని. మొదట్లో వాళ్ల రాబడి సోలార్ మీద సెల్ ఫోన్లు చార్జింగ్ పెట్టివ్వడం! అక్కడి నియంత్రణ సంస్థ లైసెన్సు మినహాయింపు ఇచ్చింది కాబట్టి బండి కదిలింది.

మనకి సంఘాలు కొత్తా? సొసైటీలున్నాయి, 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలున్నాయి, రెండో పంట దాళ్వాకి నీరు చాలకపోతే వంతులు వేసుకోవడం కూడా తెలుసు. కానీ నెట్ విషయంలో ఆ అవసరం పడేలోపే వేరేవాళ్లు వచ్చేశారు. డిష్ వైర్లు లాగిన కేబుల్ కుర్రాళ్లే బ్రాడ్‌బ్యాండ్ వాళ్లయ్యారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధరని నేలకి దించింది. అదే ఏడాది చివర్లో కోనసీమలోని మోరికి ప్రభుత్వ ఫైబర్ చేరింది, కరెంటు స్తంభాల మీదుగా, నెలకి 149 రూపాయలకి. ఇంత చవగ్గా దొరుకుతుంటే టవర్ ఎక్కేదెవరు?

2022 మే నెలలో గానీ ఆ చవక్కి ఇంకో మొహం ఉందని తెలీలేదు. అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో పది రోజులకు పైనే మొబైల్ నెట్ ఆపేశారు. వర్క్ ఫ్రమ్ హోమ్ కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం ఏరు దాటారు. సొంత మెష్ ఉన్నా బయటి ఇంటర్నెట్ వచ్చేది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. పిల్లకాలువ మనం తవ్వుకున్నా నీళ్లు వదిలే లాకులు వేరేవాళ్ల చేతిలోనే. ఊళ్లో వాళ్లకి వాళ్లకి మధ్య మాత్రం నడిచేది.

లాకుల సంగతి చట్టంలోనూ అంతే. కొన్న కనెక్షన్‌ని ఊరికి అమ్మాలంటే మొన్నమొన్నటిదాకా లైసెన్సు కావాలి. 2020 డిసెంబరులో పీఎం వాణి అనే కేంద్ర పథకం వచ్చింది, కిరాణా కొట్టువాడైనా లైసెన్సు, ఫీజు లేకుండా వైఫై అమ్ముకోవచ్చు. కానీ కంపెనీలు వాళ్లకి మామూలు కనెక్షన్ ఇవ్వకుండా విడిగా కేటాయించే ఖరీదైన లీజు లైన్ తీసుకోమన్నాయి. చివరికి 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కలగజేసుకుని, 200 ఎంబీపీఎస్ స్పీడు వరకు ఇంటి ప్లాన్ ధరకి రెట్టింపు దాటి వసూలు చేయకూడదని చెప్పాల్సి వచ్చింది.

ఇదంతా బాబాయికి చెప్పా. కాసేపు ఆలోచించి "రెట్టింపైనా ఇరవై ఇళ్లు పంచుకుంటే ఎంతవుద్దిరా?" అన్నాడు. లెక్క వేశాం, పర్లేదు. టవర్ సంగతేంటంటే వాటర్ ట్యాంకు చూపించాడు. అది పంచాయతీది, మరి ఎక్కనిస్తారో లేదో. ఊడ్పులయ్యాక వెళ్లి అడుగుదాం అనుకున్నాం.