విండోస్ 11 వేశాక గేమ్ ఆగిపోతోందా? గ్రాఫిక్స్ కార్డు మార్చేముందు ఇవి చూడండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ముగిసింది. అప్పట్నుంచి మా సర్వీస్ బల్ల మీదికి ఒకటే కంప్లైంట్: కొత్త విండోస్ వేశాం, గేమ్ మధ్యలో స్క్రీన్ నల్లబడుతోంది. చాలామంది గ్రాఫిక్స్ కార్డు పోయిందని తేల్చేసుకునే వస్తున్నారు.

అపోహ: స్క్రీన్ నల్లబడి మళ్లీ వచ్చిందంటే కార్డు పోయినట్టే.

వాస్తవం: కార్డు 2 సెకన్లపాటు ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతే విండోసే డ్రైవర్‌ని (కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్‌ని) ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. మీరు చూసే నలుపు అదే. సిస్టమ్‌లో జరిగినవన్నీ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్‌లో 4101 నంబరు ఉంటే సంగతి ఇదేనని అర్థం. వేడి వల్లా, పవర్ సప్లై చాలకా కూడా ఇలా జరుగుతుంది. కానీ విండోస్ 10లో నిన్నటిదాకా బాగా ఆడిన సిస్టమ్ అయితే నేను ముందు అనుమానించేది డ్రైవర్‌నే.

అపోహ: లేటెస్ట్ డ్రైవర్ నిన్ననే వేశాను, అది డ్రైవర్ సమస్య కాదు.

వాస్తవం: ఒక డిగ్రీ కుర్రాడు లాప్‌టాప్ తెచ్చి సరిగ్గా ఈ మాటే అన్నాడు. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద కార్డు పేరు మీద డబుల్ క్లిక్ చేసి, డ్రైవర్ ట్యాబ్‌లో తేదీ చూపించాను. రెండేళ్ల కిందటిది! అతను అబద్ధం చెప్పలేదు. రాత్రికి రాత్రి విండోస్ అప్‌డేట్ పాత డ్రైవర్‌ని తెచ్చి కొత్తదాని మీద కూర్చోబెట్టింది. ఇలాంటప్పుడు ముందు మీ కార్డు కంపెనీ సైట్ నుంచి డ్రైవర్ డౌన్‌లోడ్ చేసి పక్కన పెట్టుకోండి. బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) రికవరీ కీ మీ దగ్గరుందో లేదో తప్పకుండా చూసుకోండి, సేఫ్ మోడ్‌కి (విండోస్ అత్యవసరమైనవాటితో మాత్రమే నడిచే స్థితికి) వెళ్లేటప్పుడు అడగొచ్చు. తర్వాత నెట్ ఆపి, సేఫ్ మోడ్‌లో డీడీయూతో (డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే టూల్‌తో) పాతదంతా తుడిచేసి, కొత్తది వేసి, తేదీ సరిచూసుకున్నాకే నెట్ పెట్టండి. ఆ కుర్రాడి పని అరగంటలో అయిపోయింది. కొత్త లాప్‌టాప్ కోసం వాళ్ల నాన్న అప్పటికే డబ్బు సర్దుతున్నారట.

అపోహ: డ్రైవర్ మార్చాక గేమ్ తడబడుతోంది, కొత్తది బాలేదు.

వాస్తవం: షేడర్లు (గేమ్ దృశ్యాలు గీయడానికి కార్డు వాడే చిన్న ప్రోగ్రాములు) మళ్లీ తయారవుతుంటాయి. కాసేపు ఆడి చూడండి.

అపోహ: ఎన్విడియా జీటీఎక్స్ 1050 టీఐ, 1060 లాంటి పాత కార్డులు ఇక పనికిరావు.

వాస్తవం: ఈ తరం కార్డులకు కొత్త గేమ్‌ల కోసం ఇచ్చే డ్రైవర్లను ఎన్విడియా 2025 అక్టోబర్‌తో ఆపింది, నిజమే. సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబర్ దాకా ఇస్తామంది. ఇప్పుడు ఆడుతున్న గేమ్‌లు ఆడుకోవచ్చు.

అపోహ: గేమ్ వేగంగా ఆడాలంటే మెమరీ ఇంటిగ్రిటీ (విండోస్‌లోని ఒక భద్రతా సెట్టింగ్) ఆపేయాల్సిందే.

వాస్తవం: ఆపితే కొన్ని గేమ్‌లలో వేగం పెరుగుతుంది. ఆడేటప్పుడు ఆపి, అయ్యాక మళ్లీ ఆన్ చేసుకోమని మైక్రోసాఫ్టే చెప్పింది. ఆ ఆన్ చేయడమే అందరూ మర్చిపోతారు. బ్యాంకు పనులు కూడా అందులోనే చేసుకునే సిస్టమ్ అయితే నేను ముట్టుకోను. గేమ్‌లో షాడోస్ ఒక మెట్టు తగ్గించినా ఆ నాలుగు ఫ్రేములు వచ్చేస్తాయి.