చెట్టు మొదట్లో సిమెంట్: అపోహలు - వాస్తవాలు

ఎండాకాలం మొదలైందంటే బెజవాడలో నాకు ఒకటే ఫోన్లు: "మా వీధి వేపచెట్టు ఎండిపోతోందండీ, తెగులేమో కాస్త చూస్తారా?" చెట్ల సంరక్షణ నా వృత్తి. వెళ్లగానే కొమ్మల కంటే ముందు మొదలు చూస్తాను.

అపోహ: చుట్టూ సిమెంట్ చేస్తే చెట్టు గట్టిగా నిలబడుతుంది.

వేరు కూడా ఊపిరి పీలుస్తుంది. దానికి మట్టిలో గాలి ఆడాలి. నీళ్లు పీల్చే సన్నటి వేర్లు ఎక్కువగా పైన రెండడుగుల లోతులోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి కూడా పాకుతాయి. అంటే మనం సిమెంట్ పోసేది సరిగ్గా వాటి నెత్తినే.

కిందటి ఏప్రిల్‌లో బందరు కాలవ దగ్గర ఒక వేపచెట్టు చుట్టూ సిమెంట్‌ని గునపంతో తీయించాం. అది మానును ఒరుసుకుని బెరడు లోపలికి దిగిపోయింది. కింద నల్లమట్టి రాయిలా బిగిసి ఉంది. బిందెడు నీళ్లు పోస్తే ఇంకకుండా రోడ్డు మీదికి పారాయి. వేర్లు తెగకుండా మట్టిని పైపైన గుల్ల చేసి, రాలిన ఆకులే పరిచాం. వారానికోసారి నిదానంగా తడిపాం. వానలు పడ్డాక ఎర్రటి చిగురు వేసింది. ఆ రోజు నాకు పండగే.

అన్నీ ఇలా తేరుకోవు. వేపకు కొమ్మలు ఎండిపోయే శిలీంధ్రపు తెగులు ఉన్న మాటా నిజమే. కానీ ఊపిరాడని చెట్టు ఏ తెగులుకైనా త్వరగా లొంగిపోతుంది.

అపోహ: రాలిన ఆకులు చెత్త, కాల్చేయాలి.

ఆ పొగలోని సన్నటి నుసి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అవే ఆకులు మొదట్లో పరిస్తే తడి ఆరదు, వానపాములు చేరతాయి, మట్టి మళ్లీ గుల్లబారుతుంది. మానుకు ఆనకుండా జానెడు ఎడం వదలండి.

అపోహ: రావిచెట్టు రాత్రి కూడా ఆక్సిజన్ ఇస్తుంది.

వెలుతురు లేకుండా ఏ చెట్టూ ఆక్సిజన్ విడుదల చేయదు. రాత్రి అదీ మనలాగే ఆక్సిజన్ పీల్చుకుంటుంది.

అపోహ: సిమెంట్ పడ్డాక ఇక చేసేదేం లేదు.

2013లో పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీట్ తీసేయమని ఆదేశించింది. మన ఊళ్లోనూ అదే కొలత పట్టుకోవచ్చు. మీ వీధిలో రోడ్డు వేస్తుంటే కాంట్రాక్టర్ దగ్గరికి వెళ్లి, ఆ మీటరు వదలమని ముందే అడగండి. పోసేశాక తీయాలంటే ఒక్క చెట్టుకే పూట పడుతుంది, చూస్తూ చూస్తూనే కొన్ని వేర్లు తెగుతాయి.