నరానికిచ్చే ఫిట్స్ మందు గురించి: అపోహలు, వాస్తవాలు

పోయిన నెల ఒక రాత్రి నాలుగేళ్ల పాపను ఆటోలో తీసుకువచ్చారు. ఇంటి దగ్గర మొదలైన ఫిట్స్ అరగంట దాటినా ఆగలేదు. ఎవరో పాప పిడికిట్లో బిగించిన తాళాల గుత్తి అలాగే ఉంది. నేను నరంలోకి మందు ఎక్కించే సన్నని గొట్టం (కాన్యులా) పెడుతుండగా నాయనమ్మ నా మణికట్టు పట్టుకుని, "నరానికి సూది వద్దు డాక్టరమ్మా, ఊపిరి ఆగిపోతుందట" అని బతిమాలారు. ఆమె భయం మీద నాకు కోపం లేదు గానీ, ఆ 'అట'ను ఇంటింటికీ మోసేవాళ్ల మీద మాత్రం ఉంది.

ఫిట్స్ ఆపడానికి ముందుగా ఇచ్చే మిడజోలమ్, లోరాజెపామ్ శ్వాసను మందగింపజేయగలవన్నది నిజమే. అందుకే వేలికి పల్స్ ఆక్సిమీటర్ తగిలించి, ఆక్సిజన్, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ బ్యాగు చేతికందేలా ఉంచుకుని ఇస్తాం. అయితే ఆగని ఫిట్స్ కూడా శ్వాసను దెబ్బతీస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కో అంబులెన్సుల్లో పెద్దవాళ్లపై జరిగి 2001లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో శ్వాస, బీపీ, గుండె లయ సమస్యలు మందు పొందినవారిలో సుమారు 10 శాతం మందికి వస్తే, ఉత్తుత్తి మందు పొందినవారిలో 22 శాతానికి పైగా కనిపించాయి. పైగా ఫిట్స్ సాగేకొద్దీ ఈ మందులు పట్టుకునే గాబా గ్రాహకాలు (మెదడు ఉద్రేకాన్ని తగ్గించే సంకేతాన్ని అందుకునేవి) నాడీకణం లోపలికి జారిపోతాయి కనుక, 5 నిమిషాలు దాటగానే ఒక్క మోతాదుకు లొంగగలిగిన ఫిట్స్‌కు అరగంట తరువాత రెండు మూడు మందులు పేర్చవలసి రావచ్చు. ఊపిరికి ముప్పు అలా పేర్చినప్పుడు పెరుగుతుంది. భయపడి సగం మోతాదు ఇచ్చి ఫిట్స్‌ను సాగనిచ్చే వైద్యులూ ఇదే పొరపాటు చేస్తున్నారు.

ఇక మొదటి మందులకు ఫిట్స్ లొంగనప్పుడు ఇచ్చే రెండో వరుస మందులు. లెవెటిరాసెటమ్, వాల్‌ప్రోయేట్, ఫాస్‌ఫెనిటాయిన్ మూడూ ఇంచుమించు సగం మందిలోనే ఫిట్స్‌ను ఆపాయని 2019లో వెలువడిన అమెరికా అధ్యయనం తేల్చింది కనుక, ఖరీదైనదే మంచిదన్న వాదన నిలవదు. ఫాస్‌ఫెనిటాయిన్ ఒంట్లో మారేది ఫెనిటాయిన్‌గానే; నేరుగా ఫెనిటాయిన్ ఇచ్చేటప్పుడు మాత్రం వేగం ముఖ్యం: కిలోకు నిమిషానికి 1 మిల్లీగ్రాము మించకూడదు, నార్మల్ సెలైన్‌లోనే కలపాలి, ఈసీజీ మానిటర్ మీద కన్ను ఉండాలి. 20 కిలోల పిల్లవాడికి 400 మిల్లీగ్రాములు ఎక్కించడానికి కనీసం 20 నిమిషాలు పడుతుంది. ఒకసారి నేను వెనుదిరిగిన క్షణంలో ఒక తండ్రి తొందరపడి సెలైన్ గొట్టం మీది చక్రాన్ని పూర్తిగా తిప్పేశారు. మానిటర్ అంకె పడిపోతుంటే నేను దాన్ని బిగించిన సంగతి ఆయనకన్నా నాకే ఎక్కువ గుర్తుంది.

మందు వల్ల మెదడు మొద్దుబారుతుందన్నది అపోహ. తరువాతి మగత కొంత మందుదైతే, కొంత ఫిట్స్‌దే. నరానికి మొదలుపెడితే జీవితాంతం నరానికేనన్నది కూడా అంతే: నోటితో తీసుకున్న లెవెటిరాసెటమ్ దాదాపు పూర్తిగా ఒంటబడుతుంది గనుక, వాంతులు తగ్గగానే అదే మోతాదుతో సిరప్‌కు మారుస్తాం. రెండేళ్లలోపు పిల్లలైనా, కాలేయ జబ్బు లేదా మైటోకాండ్రియా (కణాలకు శక్తినిచ్చే భాగాలు) జబ్బు ఉన్నా వాల్‌ప్రోయేట్ ఇవ్వకముందే వైద్యులకు చెప్పండి.

ఆ పాప తెల్లవారేసరికి లేచి పాలు అడిగింది. ఇంటికి పంపేటప్పుడు మిడజోలమ్ ముక్కు స్ప్రే రాసిచ్చి, ఆమె బరువుకు ఎన్నిసార్లు కొట్టాలో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను. "ఇదీ ఆ మందేనా?" అన్నారు నాయనమ్మ. అదేనమ్మా అన్నాను. కాసేపు ఆ సీసా వైపు చూసి, సంచిలో తాళాల గుత్తి పక్కన పెట్టుకున్నారు.