గడప తొక్కను అన్న మాట

చిన్నూ, బుజ్జీ,

దసరా సెలవులు అయిపోయి మీరు బెంగళూరు వెళ్లి వారమైంది, ఇల్లు బోసిపోయింది. కేరమ్ బోర్డు ఇంకా హాల్లోనే ఉంది, తీసి అటక మీద పెట్టడానికి మీ నాన్నమ్మకి మనసు రావడం లేదు.

సెంట్రల్‌లో రైలెక్కుతూ చిన్నూ ఒక ప్రశ్న అడిగాడు, ఆ తోపులాటలో జవాబు చెప్పలేకపోయాను. "భీష్ముడు గ్రేట్ కదా తాతయ్యా, చచ్చేదాకా మాట తప్పలేదు" అని. ఒరే, నువ్వు అడిగింది భీష్ముడి గురించి కాదని నాకు తెలుసు. రెడ్ ఎవరిదన్న దగ్గర గొడవై "జన్మలో అక్కతో మాట్లాడను, ఒట్టు" అన్నావు, ఆ తర్వాత నాలుగు రోజులూ అన్నం దగ్గర "నాన్నమ్మా, ఆ పచ్చడి ఇటు జరపమని అక్కకి చెప్పు" అంటూ కూర్చున్నావు. పచ్చడి గిన్నె పక్కనే అక్క ఉంది. ఆ ఒట్టుకి భీష్ముడి దగ్గర సర్టిఫికెట్ తీసుకుందామని నీ ప్లాను.

సరే, భీష్ముడి దగ్గరికే పోదాం. సత్యవతి తండ్రి దాశరాజు ముందు ఆయన పెట్టుకున్న ఒట్లు రెండే. రాజ్యం తీసుకోను, పెళ్లి చేసుకోను. (సింహాసనానికి జన్మంతా కాపలా ఉంటానన్న ఒట్టు టీవీ సీరియళ్లు చూసేవాళ్ల నోట బాగా వినిపిస్తుంది కానీ, దాశరాజు ముందు అనుకున్నవాటిలో అది లేదు.) నాన్న కోసం, సత్యవతికి పుట్టబోయే పిల్లల కోసం అన్నాడు ఆ మాట, అందుకు నేనూ దండం పెడతాను. కానీ కథ అక్కడ ఆగలేదు కదా. శంతనుడు పోయాడు. సత్యవతి పెద్ద కొడుకు చిత్రాంగదుడు గంధర్వుడి చేతిలో పోయాడు, చిన్నవాడు విచిత్రవీర్యుడు పిల్లలు లేకుండానే క్షయతో పోయాడు. అప్పుడు సత్యవతే వచ్చి అడిగింది, నాయనా, వంశం ఆగిపోతోంది, పట్టం కట్టుకో, పెళ్లి చేసుకో అని. ఎవరి పిల్లల కోసం ఆ ఒట్టు పెట్టుకున్నాడో ఆ తల్లే వచ్చి ఇక చాలు అంటోంది. దానికి ఆయన ఏమన్నాడంటే, భూమి వాసన వదిలేసినా, నీళ్లు రుచి వదిలేసినా, సూర్యుడు వెలుగు వదిలేసినా నేను మాత్రం సత్యం వదలను అన్నాడు. ఎంత గొప్పగా ఉందో చూడండి. చిన్నప్పుడు ఈ మాట వింటే నాకు ఒళ్లు గగుర్పొడిచేది. ఇప్పుడు వింటే, ఆవిడ అడిగిందేమిటి, ఈయన చెప్పిందేమిటి అనిపిస్తుంది. ఆవిడ ఇద్దరు కోడళ్ల ఏడుపు గురించి మాట్లాడుతోంది, ఈయన తన మాట గురించి మాట్లాడుతున్నాడు. వేరే దారి చూపించాడు, అది ఒప్పుకోవాలి, అలాగే వ్యాసుడు వచ్చాడు. అయినా ఆ జవాబులో 'నేను' కాస్త ఎక్కువైందనే నాకు తోస్తుంది. మీ నాన్నమ్మ దీనికి అస్సలు ఒప్పుకోదు, భీష్మ ఏకాదశి నాడు ఇలాంటివి మాట్లాడితే కాఫీ కూడా ఇవ్వదు.

మరి రాముడో అని బుజ్జి అడుగుతుంది, నాకు తెలుసు. రాముడూ ఒప్పుకోలేదుగా, భరతుడు చిత్రకూటం దాకా వచ్చి కాళ్లా వేళ్లా పడ్డా తిరిగి రాలేదుగా? నిజమే, ఇక్కడ నేనూ చాలాకాలం తడబడ్డాను. అసలు ఆ మాట ఇచ్చింది దశరథుడు, ఆయనే నన్ను బంధించి అయినా నువ్వు రాజువి అయిపో అన్నాడు, అప్పుడూ వినలేదు. పైకి చూస్తే ఇద్దరిదీ ఒకటే పట్టుదల. నాకు తేడా కనిపించింది మొదట్లో కాదు, 14 ఏళ్లు అయిపోయాక. రావణుణ్ణి చంపి తిరిగి వస్తూ భరద్వాజ ఆశ్రమం దగ్గర ఆగి, రాముడు హనుమంతుణ్ణి ముందు పంపుతాడు. నేను వస్తున్నానని చెప్పు అంటాడు, అంతటితో ఊరుకోడు. ఈ కబురు విన్నప్పుడు భరతుడి మొహం ఎలా ఉందో జాగ్రత్తగా చూడు, ఇన్నేళ్లు ఏలాడు కదా, ఒకవేళ రాజ్యం మీద అతనికి ఇష్టం కలిగి ఉంటే అతన్నే ఏలుకోనీ అంటాడు. పద్నాలుగేళ్లు అడవిలో మాట నిలబెట్టుకుని, అమ్మయ్య ఇక నాది నాకు ఇవ్వండి అనలేదు. తమ్ముడి మొహం చూసి రమ్మన్నాడు. అక్కడ భరతుడు నందిగ్రామంలో నార చీరలు కట్టుకుని, పాదుకలు ముందు పెట్టుకుని, గడువు దాటితే నిప్పుల్లో దూకేస్తానని కూర్చున్నాడు, అది వేరే సంగతి.

చిన్నూకి బాగా నచ్చే కథ ఇంకోటుంది, కత్తులు ఉన్నాయి కాబట్టి. కురుక్షేత్ర యుద్ధంలో 17వ రోజు. కర్ణుడి చేతిలో బాగా దెబ్బలు తిని ధర్మరాజు శిబిరంలో పడుకున్నాడు. అర్జునుడు చూడటానికి వచ్చాడు, కర్ణుణ్ణి చంపి వచ్చాడేమోనని ఈయన సంబరపడ్డాడు, ఇంకా లేదని తెలిసేసరికి నోటికొచ్చినట్టు తిట్టాడు, ఆ గాండీవం కృష్ణుడికి ఇచ్చెయ్యరాదూ అన్నాడు. అర్జునుడికేమో ఎవరికీ చెప్పకుండా మనసులో పెట్టుకున్న ఒట్టు ఒకటుంది. గాండీవం ఇంకొకరికి ఇచ్చెయ్యి అన్నవాడి తల తీసేస్తానని. కత్తి దూశాడు! అన్నయ్య మీద. కృష్ణుడు, కత్తి ఎందుకు తీశావు, ఇక్కడ శత్రువు ఎవరూ కనపడటం లేదే అన్నాడు. ఒట్టు సంగతి విన్నాక బాగా చీవాట్లు పెట్టి, పెద్దలకి సేవ చేసి నేర్చుకున్నవాడివైతే ఇలా చెయ్యవు అని, ఒక ఉపాయం చెప్పాడు. గౌరవించాల్సిన పెద్దవాణ్ణి 'నువ్వు' అంటే చంపినట్టే లెక్క, ఆ మాట అనెయ్యి, నీ ఒట్టూ తీరుతుంది. సంస్కృతంలో 'త్వం'. (బెంగళూరులో 'నీవు' అంటే మర్యాద, మనకేమో 'నీవు' అన్నా నువ్వే, కాబట్టి మీరు ఏ భాషలో ఎవర్ని చంపుతున్నారో కాస్త చూసుకోవాలి.) అన్నయ్యని నువ్వు నువ్వు అని కడిగేశాడు అర్జునుడు. వెంటనే సిగ్గుపడి, ఇక నేను బతకను అని మళ్లీ కత్తి తీశాడు. కృష్ణుడు దానికీ మందు చెప్పాడు. నిన్ను నువ్వే పొగుడుకో, అది ఆత్మహత్యతో సమానం అని. ఈ భాగం చదివినప్పుడల్లా నవ్వొస్తుంది నాకు. ఒట్టు పేరుతో పొద్దున్నుంచీ వాడు చేస్తున్నది అదే కదా!

ఆ కృష్ణుడు తన మాట తనే పక్కన పెట్టిన సంగతి మీకు తెలుసు. ఆయుధం పట్టనన్నాడు, అర్జునుడి ప్రాణం మీదికి వచ్చేసరికి చక్రం పట్టుకుని భీష్ముడి మీదికి దూకాడు. పోతన పద్యం నేర్పాను, మర్చిపోతే ఊరుకోను.

ఇక నా సంగతి. ఇది మీ నాన్నకి తెలుసు, మీకు ఎప్పుడూ చెప్పలేదు. మా మేనకోడలి పెళ్లి శుభలేఖలో నా పేరు మీ చిన్న తాతయ్య పేరు కింద వేశారు. పెద్దవాణ్ణి నేను. అచ్చుతప్పు, ప్రెస్ వాడి పొరపాటు. అయినా మాంబళంలో నడిరోడ్డు మీద నిలబడి "నీ గడప తొక్కను" అన్నాను తమ్ముడితో. ఆరేళ్లు తొక్కలేదు. వాడి ఇల్లు మాకు రెండు వీధుల అవతల, అమ్మ వాడి దగ్గరే ఉండేది. పండక్కి మీ నాన్నమ్మ, పిల్లలు లోపల భోంచేస్తుంటే నేను వీధి చివర టీ కొట్టు దగ్గర నిలబడేవాణ్ణి. మా మరదలు క్యారియర్‌లో పులిహోర, బొబ్బట్లు పెట్టి పంపేది, ఇంటికొచ్చి సుబ్బరంగా తినేవాణ్ణి. గడప తొక్కనన్నానే గానీ పులిహోర తిననని అనలేదుగా. అమ్మ గేటు దగ్గరికి కుర్చీ తెప్పించుకుని కూర్చుని నాతో మాట్లాడేది. "ఇక చాలురా" అని ఎన్నిసార్లు అందో. "మాటంటే మాటే అమ్మా" అనేవాణ్ణి, భీష్ముడి గొంతు పెట్టి.

ఒకరోజు అమ్మ బాత్రూమ్‌లో పడింది. తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయి ఇంటికి తెచ్చారు, గేటు దాకా ఇక రాలేదు. వెళ్లాను. గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాను, చెప్పులు విప్పాను, మళ్లీ వేసుకున్నాను. ముందుగదిలో మంచం మీంచి అమ్మ చూస్తూనే ఉంది. "ఏరా, అక్కడే నిలబడ్డావే?" అంది. గడప తొక్కనన్నాను కదమ్మా అని నసిగాను. "గడప ఎవరైనా తొక్కుతారట్రా? లక్ష్మీదేవి. చిన్నప్పటి నుంచీ చెప్తూనే ఉన్నాను, దాటి రా" అంది.

దాటాను. మీ చిన్న తాతయ్య వంటింట్లోంచి వచ్చి, ఏమీ జరగనట్టు, కాఫీలో పంచదార ఎంత వెయ్యాలని అడిగాడు. ఆరేళ్లలో నాకు షుగర్ వచ్చిన సంగతి వాడికి తెలియదు.

ఉంటాను మరి. అన్నట్టు చిన్నూ, నీ ఒట్టు "అక్కతో మాట్లాడను" అనే కదా? ఆడనని ఎక్కడా అనలేదు. స్ట్రైకర్ సోఫా కింద దొరికింది, మీ నాన్నమ్మ జంతికల డబ్బాలో పెట్టి కొరియర్ చేసింది. అందగానే ఫోన్ చెయ్యండి, ఎవరో ఒకరు.

మీ తాతయ్య,
చెన్నై